ఆరున్నొకటి

మా ప్రాంతంలో ధాన్యం కొలిచేవాడు ‘ఏడు’ అనడు. కుంచం నింపి, పైన చేత్తో చదును చేసి, గోనెలో పోస్తూ పాట పాడినట్టు లెక్క చెబుతాడు. మొదటి కుంచానికి ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అంటాడు. అక్కడినుంచి ఆరు వరకు అందరి లెక్కే. ఆరు కాగానే ‘ఆరున్నొకటి’ అని, ఆ వెంటనే ఎనిమిదిలోకి వెళ్ళిపోతాడు. ఏడు అంటే అంకె ఒకటే కాదు, ఏడవమని చెప్పడం కూడా. పండిన పంట ముందు నిలబడి ఎవరూ ఎవరినీ ఏడవమనరు కదా. ఈ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పరు. కళ్ళంలో నాలుగు రోజులు తిరిగితే నాలుకే నేర్చుకుంటుంది.

నేను ఆ పని చాలాకాలం చేశాను. తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లువారు చుట్టుపక్కల ఊళ్ళలో ధాన్యం కొనేటప్పుడు వెంట వెళ్ళి కొలత చూసేవాణ్ణి. తర్వాత మిల్లులోనే కుదురుకున్నాను. బడిలో నాకు ఎక్కాలు కూడా పూర్తికాలేదు. లెక్కలు నాకు గింజలే నేర్పాయి. రాశి చుట్టూ ఒకసారి నడిచివస్తే అది ఎన్ని పుట్లుంటుందో తోచేది, కొలిచాక పెద్ద తేడా వచ్చేది కాదు. నా బుద్ధే అంత. ఏ వస్తువుకైనా దాని కొలత తెలిస్తేగాని నాకు మనసు కుదుటపడదు. అందుకే ఆరున్నొకటి అనే మాట నాకు చిన్నప్పటినుంచీ గొంతులో ముల్లులా ఉండేది. అన్ని అంకెలకూ సొంత పేర్లుండగా, దీనొక్కదానికే పొరుగింటివాడి పేరు చెప్పుకుని బతికే ఖర్మ ఏమిటని.

ఇప్పుడు ఈ మాట గురించి రాయడానికి కారణం ఉంది. నా భార్యకూ దేవుడికీ మధ్య ఈ మాటే అడ్డం పడింది. ఆమెకూ నాకూ మధ్య కూడా. ఆమె మళ్ళీ నా పక్కన కూర్చుని ప్రార్థన చేస్తుందా అన్నదొక్కటే చాలాకాలంగా నేను వేస్తున్న లెక్క. అది తేలడం లేదు.

మా పేట పేటంతా మా తాతల కాలంలో బాప్తిస్మం తీసుకుంది. గుడి ఉంది, గంట ఉంది, ఆదివారం బడి ఉంది. కాని పాత భయాలు కూడా మాతోపాటే గుళ్ళోకి వచ్చి వెనకవరసలో చాప మీద కూర్చున్నాయి. దారిలో పిల్లి ఎదురైతే అందరిలాగే ఆగేవాళ్ళం. ఆగి, ప్రార్థన చేసుకుని, కదిలేవాళ్ళం. అది తప్పని మాకెవరికీ తోచలేదు.

ఉప్పు సత్యాగ్రహం గొడవలు సద్దుమణిగిన రోజుల్లో మా సంఘానికి కొత్త పాస్టరు వచ్చారు. మావైపు పాస్టరును అయ్యగారంటాం. చిన్నవయసు, ఇంగ్లీషు బాగా చదివినవారు, సైకిలు మీద పేటలన్నీ తిరిగేవారు. అవి లోకం గబగబా మారుతున్న రోజులు. ఏలూరులో బొమ్మలు మాట్లాడుతున్నాయని కుర్రాళ్ళు రైలెక్కి వెళ్ళి టాకీలు చూసి వచ్చేవాళ్ళు. ఖద్దరు టోపీలు, రీడింగు రూములు, దేవుడు లేడని వాదించే పత్రికలు. అయ్యగారు వాటన్నిటినీ చూసినవారు. మేము వెనకబడిపోతామని ఆయనకు బెంగ. “దేశమంతా లేచి నిలబడుతుంటే మీరింకా పిల్లికి ఆగుతారా? ఆ బయటివాళ్ళు మనల్ని చూసి నవ్వరా?” అనేవారు. ఆయనమీద నాకు ప్రేమ. ఇప్పటికీ అంతే.

ఆయన వచ్చిన సంవత్సరం కోత పండుగ నాడు ఇదంతా మొదలైంది. కోత పండుగకు మావాళ్ళు కొత్త ధాన్యం తెచ్చి గుడి ముందు రాశి పోస్తారు. దాన్ని అందరి ఎదుటా కొలిచి దేవుడికి అప్పగించడం ఆచారం. కొలిచేది నేనే. నేను కుంచం చేతిలోకి తీసుకుని నోరు తెరవబోతుంటే అయ్యగారు ఆపారు.

“ఈసారి లెక్క ఒకటినుంచి చెప్పండి. ఏ అంకెనీ దాచకుండా చెప్పండి. సృష్టి ముగించి దేవుడు విశ్రాంతి తీసుకున్న దినం ఎన్నోది?”

“ఏడోదండి,” అన్నాం అందరం.

“దేవుడు పరిశుద్ధం చేసిన అంకెని మీరు కళ్ళంలోంచి వెలివేస్తారా?”

ఆడవాళ్ళ వైపునుంచి ఒక ముసలమ్మ లేచింది. “వెలెయ్యడం కాదండీ అయ్యగారండీ. మర్యాదకి పేరెట్టి పిలవం, అంతేనండి. నేను మా ఆయన్ని ఏనాడన్నా పేరెట్టి పిలిచానేంటండీ?”

జనం గొల్లుమన్నారు. అయ్యగారు కూడా నవ్వి, “మరి ఆయనకోసం ప్రార్థన ఎలా చేస్తావమ్మా, పేరు చెప్పకుండా?” అన్నారు.

“‘ఈ మనిషి’ అంటానండి. ఏ మనిషో ప్రభువుకి తెలీదాండీ?”

ఆ నవ్వుల్లోనే నేను కొలత మొదలుపెట్టాను. ఒకటి అన్నాను. ఆరు దాటాక ఒక్క క్షణం నాలుక మొరాయించింది. తర్వాత గట్టిగా ‘ఏడు’ అన్నాను. ఆవరణంతా ‘ఆమేన్’ అంది. నాకు ఒళ్ళంతా తేలికైనట్టు అనిపించింది. నమ్మకమంటే ఏమిటని ఎవరైనా అడిగితే అప్పట్లో నేను ఆ క్షణాన్నే చూపించేవాణ్ణి. ఉన్నదాన్ని దాని పేరుతో పిలవగలగడం.

నా భార్య మాత్రం ఆమేన్ అనలేదు. చాప అంచు పీచు లాగుతూ కూర్చుంది.

పరాయివాళ్ళ కళ్ళాల్లో మాత్రం వాళ్ళ మాటే చెప్పేవాణ్ణి. ఉండి అనే ఊరి దగ్గర ఒక ఆసామి మా పండుగ కబురు విని, “ఏవయ్యోయ్, మీ గుళ్ళో మీ ఇష్టం. నా కళ్ళంలో మటుకు ఏడవమాకు,” అని ముందే హెచ్చరించాడు. అందులో కోపం లేదు, వేళాకోళమే. ఇంట్లోనూ అలాగే రెండు లెక్కలు నడిచాయి. నా భార్య అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు మొదటి సోలకు ‘లాభం’ అనడం మానలేదు. నేనొకసారి వద్దన్నాను.

“గుళ్ళో మీరేం చెప్పుకుంటారో చెప్పుకోండి. పొయ్యి నాదండి,” అంది. తర్వాత మెత్తగా, “లాభం అంటే ఏంటండీ? దేవుడు దయగా ఇచ్చింది. ఆశీర్వాదం అంటే కూడా అదే గదండీ. ఇందులో దెయ్యం ఎక్కడుందో మీ అయ్యగార్నే చూపించమనండి,” అంది.

ఆమె నాకంటే తక్కువ నమ్మేది కాదు. నాకంటే ఎక్కువే నమ్మేది. మాటంటే ఆమెకు వస్తువు. పెడితే ఉంటుంది, విసిరితే తగులుతుంది.

మాకు ఒక్కతే కూతురు. పెళ్ళయి చాలాకాలం పిల్లల్లేక, ఇక లేరనుకుని ఊరుకున్నాక పుట్టింది. సాయంత్రాలు మిల్లునుంచి రాగానే నా ఒళ్ళో కూర్చుని చింతపిక్కలతో లెక్కలు నేర్చుకునేది. పిక్కలను బారులు తీర్చేటప్పుడు ఒక్కొక్కదాని నెత్తిన వేలు పెట్టి పేరు చెప్పడం దానికి సరదా. ఒకనాడు వేలు గాల్లోనే ఆపి అడిగింది.

“నాన్నా, అమ్మ ఏడుని ఎందుకు దాచేస్తది?”

“భయం, తల్లీ.”

“ఏడుకి అమ్మంటే భయమా, అమ్మకి ఏడంటే భయమా?”

వంటింట్లోంచి వాళ్ళమ్మ, “రెండూనే. ఇటొచ్చి నీళ్ళు తాగి పో,” అని కేకేసింది. పిల్ల కదల్లేదు. ఆ పిక్క మీదే వేలు పెట్టి, “పాపం, దీనికీ పేరుంది గదా,” అంది. నా లోపల ఎప్పటినుంచో ఉన్న మాట దాని నోటినుంచి వినబడేసరికి నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను. నా బిడ్డ అనుకున్నాను.

పుట్టినరోజు తేదీ లెక్కన చేసుకోవడం మాకు మిషనువాళ్ళ వల్ల వచ్చింది. మా అమ్మ తరంవాళ్ళకు తాము ఏ వానకాలంలో పుట్టారో తెలిసేది, తేదీ తెలిసేది కాదు. ఇప్పుడు పుట్టినరోజు తర్వాతి ఆదివారం పిల్లను గుడి ముందుకు తీసుకువెళితే అయ్యగారు వయసు అడుగుతారు, పిల్ల చెబుతుంది, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. పిల్లకు ఆరు నిండిన ఏడాది ఆ ఆదివారం దారిలో నా భార్య పిల్ల జడ సవరిస్తూ పాఠం చెబుతూనే ఉంది.

“అయ్యగారు అడిగితే ‘ఆరు నిండాయండి’ అనాలి. తెలిసిందా?”

“నిండేసినియ్యి గదమ్మా. ఇప్పుడు ఇంకోటి గదా.”

“అదీ నిజమే, ఇదీ నిజమే. నేను చెప్పిన నిజం చెప్పు.”

నేను నవ్వి ఊరుకున్నాను.

గుళ్ళో అయ్యగారు వంగి, “నీకిప్పుడు ఎన్నో ఏడమ్మా?” అని అడిగారు. పిల్ల ఒకసారి ఆడవాళ్ళ వైపు చూసింది. తర్వాత నావైపు చూసింది. నాతో లెక్క చెప్పేటప్పటి ముఖమే అది, గడ్డం కొంచెం పైకెత్తి. గుడి కప్పుకు తగిలేలా, “ఏడో ఏడండి!” అంది.

ఆ జంట మాటకు అందరూ నవ్వారు. అయ్యగారు “శభాష్” అని తల నిమిరారు. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. నవ్వు ఆపుకుంటోందని నేను అనుకున్నాను.

ఆ వానకాలం కొల్లేరు పైకి తన్ని పొలాల్లోకి వచ్చింది. నీళ్ళు తీశాక ప్రతి పేటలోనూ జ్వరాలు మొదలయ్యాయి. మా పిల్లకూ వచ్చింది. మొదట మిల్లు దగ్గరి డాక్టరు క్వినైను ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ కాసింది. రైల్లో ఏలూరు తీసుకువెళ్ళి దొరసానమ్మల ఆసుపత్రిలో చూపించాం. వాళ్ళు చేయగలిగినదంతా చేశారు. చివరికి ఇంటికి తీసుకువెళ్ళమని చెప్పేటప్పుడు ఆ దొరసానమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయింది గాని నా ముఖం చూడలేదు. తిరుగు రైల్లో భీమడోలు స్టేషనులో పిల్ల కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. రెండు గుక్కలు తాగింది. దాన్నే మేము మంచి గుర్తుగా లెక్క కట్టుకున్నాం.

మర్నాడు సంఘమంతా మా ఇంటికి ప్రార్థనకు వచ్చింది. ఇల్లు చాలక వాకిట్లో మోకరించారు. అయ్యగారు పిల్ల మంచం పక్కన మోకాళ్ళ మీద ఉన్నారు. బైబిల్లో చనిపోయిన చిన్నపిల్లను ప్రభువు చెయ్యి పట్టి లేపిన సంగతి గుర్తు చేస్తూ ప్రార్థన చేశారు. ముగిశాక నా భార్య ఆయన్ని అడిగింది.

“అయ్యగారండీ, అనేసిన మాటని వెనక్కి తీసుకునే ప్రార్థన ఏదన్నా ఉందాండీ?”

ఆయనకు మొదట అర్థం కాలేదు. “ఏ మాటమ్మా?”

“గుళ్ళో పిల్ల చేత అనిపించారు గదండీ. ఒకటికి రెండుసార్లు అందండి. ఏడో ఏడని.”

“అమ్మా,” అన్నారాయన ఎంతో దయగా. “ఆ మాటలో ఏముంది తల్లీ? ఉత్త మాట. నోట్లోంచి వచ్చి గాల్లో కలిసిపోయే చప్పుడు. దానికి ఎవరికీ ఏమీ చేసే శక్తి లేదు.”

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. వాదించే గొంతు కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

“మరి ఇప్పుడు మీరు చేసింది కూడా మాటే గదండీ?”

వాకిట్లో ఎవరో దగ్గారు. అయ్యగారు పిల్ల చెయ్యి పట్టుకునే ఉన్నారు. మాకెప్పుడూ ఏదో ఒక బైబిలు వాక్యం ఇచ్చే మనిషి, ఆ రోజు ఏ వాక్యమూ ఇవ్వలేదు. “నాకు తెలియదమ్మా,” అన్నారు. మళ్ళీ తల వంచి ప్రార్థన మొదలుపెట్టారు. ఈసారి మాకు వినబడకుండా.

పిల్ల ఆ వారం లోపలే, మిల్లు మధ్యాహ్నం కూత వేసిన కాసేపటికి వెళ్ళిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

నా భార్య ఏడవలేదు. గోడకు చేరగిలబడి, పిల్ల పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పేటలో ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. గుండె గడ్డకట్టుకుపోతుందని వాళ్ళ భయం. భుజాలు పట్టుకుని కుదుపుతూ, “ఏడు తల్లీ, ఏడు,” అని ఒకరు, “ఒక్కసారి ఏడమ్మా, నా తల్లిగదూ, ఏడు,” అని ఇంకొకరు. కోత పండుగనాడు హాస్యమాడిన ముసలమ్మ కూడా ఆమె గడ్డం పట్టుకుని అదే మాట అంటోంది. గదినిండా అదే మాట. నా భార్య తలెత్తి వాళ్ళ మధ్యనుంచి నావైపు చూసింది.

“విన్నారాండీ?” అంది. “అందరూ అదే అంటన్నారు.”

వడ్రంగి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, పెట్టెకు కొలత చెప్పమన్నాడు. ఊళ్ళో ఎవరికి ఏ కొలత కావాలన్నా నా దగ్గరికే వస్తారు. చేతులు రెండూ చాపి చూపించాను, దాన్ని ఎత్తుకునేటప్పుడు చాపినట్టు. అతను తన చేతులు కూడా అలాగే చాపి, వాటిని అలాగే పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నెలల తరబడి నేను ఒకటే లెక్క వేస్తూ ఉండిపోయాను. కొల్లేరు పొంగితే జ్వరాలు వస్తాయి. ‘ఆరు నిండాయి’ అని చెప్పిన పిల్లలూ ఆ వానకాలంలో పోయారు, వయసే తెలియని పిల్లలూ పోయారు. ఆ మాట నా బిడ్డను చంపలేదు. ఇది నాకు తెలుసు. పిల్లకు అంకెలు వాటి పేర్లతో నేర్పినందుకు నేను తప్పు చేశానని ఆనాడూ అనుకోలేదు, ఈనాడూ అనుకోను. కాని ఒక తక్కెడలో ఒక పళ్ళేన్ని ముట్టుకుంటే రెండోది కదలకుండా ఉండదు. నోటిమాటకు చంపే బలం లేదని ఇటు తేల్చుకున్నప్పుడల్లా, నోటిమాటకు బతికించే బలం ఉందన్న నమ్మకం అటు తేలికైపోయేది. అది పోకూడదని ఇటు పట్టుకుంటే, నా బిడ్డ చావు నేను నేర్పిన మాట దగ్గరికే వచ్చి ఆగేది. ఏ పక్కకూ ముల్లు నిలిచేది కాదు.

దేవుడు వినేది మాటను కాదు, మనసును అని అయ్యగారు తర్వాతెప్పుడో నాతో అన్నారు. కావచ్చు. మరి ఆ పిల్ల మనసులో భయమే లేదు కదా అన్నాను. ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. ఆయన సైకిలు పట్టుకుని నడిపించుకుంటూ నాతో మిల్లు దాకా వచ్చారు.

మా మిల్లులో ఒక గుమాస్తా ఉండేవాడు. కుర్రవాడు, బ్రాహ్మల అబ్బాయే గాని జంధ్యం తీసేశాడు. దేవుడు లేడనే పత్రికలు తెప్పించుకుని టిఫిను వేళ పైకి చదివేవాడు. కళ్ళాల్లో ఆరున్నొకటి సంగతి ఎవరో ఎత్తితే, మా అయ్యగారు దాన్ని మాన్పించారని విని మెచ్చుకున్నాడు.

“మీ పాస్టరుగారు తెలివైనవాడేనండి. కాని సగం దూరం వచ్చి ఆగిపోయాడు. ఏడులో ఏమీ లేదని తెలిసినాయనకి, ఇంకో రెండడుగులేస్తే ప్రార్థనలోనూ ఏమీ లేదని తెలిసేదండి.”

“అదే మాట మా ఇంట్లో అన్నారండి,” అన్నాను.

“ఎవరండీ అంత విజ్ఞానవంతులు?”

“మా ఆవిడ. పిల్ల మంచం దగ్గర.”

అతనికి మా సంగతి తెలియదు. కొత్తగా వచ్చినవాడు. ముఖం పాలిపోయింది. “క్షమించండి మావయ్యగారూ,” అన్నాడు. అంతకుముందెన్నడూ అతను నన్ను ఏ వరసా పెట్టి పిలవలేదు. ఆ పేపరు మడిచి బల్ల కింద పెట్టేశాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అతనూ, అయ్యగారూ ఒకే చీపురుతో ఊడుస్తున్నారు. ఒకరు గుమ్మం దాకా ఊడ్చి ఆగుతున్నారు, ఇంకొకరు వీధిలోకి ఊడ్చేస్తున్నారు. మా బోటివాళ్ళం ఏం చేశామంటే, మా అవ్వల భయాలను పాతబట్టలతోపాటు పారేశాం గాని, భయం వేసినప్పుడు ఏం చెయ్యాలో కొత్తగా ఏదీ నేర్చుకోలేదు. ఆ అవ్వలకు కనీసం భయం చుట్టూ తిరిగి వెళ్ళే ఒక మాట ఉండేది.

నా భార్య గుడికి రావడం మానేసింది. ఎవరితోనూ తగవు పడలేదు. ఆదివారం గంట కొట్టేసరికి బిందె తీసుకుని కాలవకు వెళ్ళేది. గుళ్ళో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల రోజు సంఘంలోని అమ్మలు వచ్చి పిలిస్తే, “తర్వాతొస్తానండి,” అనేది. ఇంట్లో నేను మోకరిస్తే లేచి వాకిట్లోకి వెళ్ళేది. వేసవి మొదట్లో ఒకనాడు, “మా తమ్ముడింటికి వెళ్ళొస్తానండి,” అంది. రావడానికి ఎన్నాళ్ళని నేను అడగలేదు. వాళ్ళది కొల్లేట్లో ఒక లంక. ఆమె పుట్టి పెరిగింది అక్కడే. నెల దాటినా కబురు లేదు. నేనే బయల్దేరాను.

ఏలూరు దాటి దిగువకు వెళ్ళాక ఆమె తమ్ముడు తాటిదోనెతో ఎదురొచ్చాడు. అతను గుడిలో పాటలు పాడేవాడే, కాని నోరు ఊరుకోదు. నీళ్ళు అడుగంటి, దోనె చాలాచోట్ల బురదలో ఇరుక్కుంటోంది. దిగి తోస్తూ అన్నాడు.

“ప్రభువు నీళ్ళమీద నడిచినప్పుడు శిష్యులు హడలిపోయారంట గదా బావా. ఆయన మన కొల్లేటికొచ్చి నడిచుంటే ఎవడూ తిరిగి చూసుండేవాడు కాదు. వేసంకాలం మా గేదెలు కూడా నడుస్తాయిక్కడ.”

నవ్వాను. అతను నన్ను నవ్వించడానికే అన్నాడు. కాసేపటికి గడకర్ర మీద బరువు వేసి, నావైపు చూడకుండా, “అక్క బాగానే ఉంది బావా. నవ్వదు, అంతే,” అన్నాడు.

ఆమె పాక నీడలో కూర్చుని చాపకు తుంగ చీలుస్తోంది. మంచినీళ్ళు ఇచ్చింది. మిల్లు సంగతులు అడిగింది. నేను చిక్కిపోయానంది. చీల్చిన తుంగను కట్టలు కడుతూనే, నేను అడక్కముందే చెప్పింది.

“వస్తానండి. మీరొక్కరే వండుకుని తింటున్నారని నాకూ మనసు బాగాలేదు. ఒక్కటే అడుగుతాను. ఇంట్లో ప్రార్థన చెయ్యకండి.”

నేను మంచినీళ్ళ చెంబు కింద పెట్టాను.

“మీరు గుడికెళ్ళండి, నేను వద్దన్ను. అక్కడ ఏం చెప్పుకున్నా మీ ఇష్టం. ఇంట్లో మటుకు వద్దండి. నా పేరు చెప్పి అసలే వద్దు. నా తలమీద ఎవరూ ఏ మాటా అనొద్దు. మంచిదీ వద్దు, చెడ్డదీ వద్దు. నాకు మాటంటే భయమేస్తందండి.”

“దేవుడి మీద కోపమా?” అన్నాను.

“కోపం ఉంటే తిట్టేదాన్ని గదండీ. తిడితే అదీ ప్రార్థనే గదా.” తుంగ పక్కన పెట్టింది. “ఆయన వింటాడనే నా భయం. వినకపోతే ఇంత గొడవెందుకు?”

“మనసులో చేసుకుంటే?”

“మనసులో చేస్తే నాకెలా తెలుస్తదండీ?” అంది. మళ్ళీ ఆలోచించి, “తెలిసిపోద్ది లెండి. మీకు పెదాలు కదుల్తాయి,” అంది.

సరేనన్నాను. అనేటప్పుడు ఆ మాట కొలత నాకు తెలుసు. నేను పుట్టింది మొదలు ప్రార్థన లేకుండా మెతుకు ముట్టని ఇల్లు మాది. మా నాన్న చనిపోయేముందు మాట పడిపోయాక కూడా, గంజి చూసి రెండు చేతులూ దగ్గరికి చేర్చేవాడు. ఆమె నా నమ్మకాన్ని వదిలెయ్యమనలేదు. దానికున్న నోరు ఒక్కటీ ఇచ్చెయ్యమంది. ఇవ్వకపోతే ఆమె ఆ లంకలోనే ఉండిపోతుంది. ఇస్తే నా పక్కన ఎప్పటికైనా మోకరిస్తుందన్న ఆశ నా చేతులతోనే మూసేసుకున్నట్టు. రెండూ తూచి చూసే ఓపిక నాకు అప్పటికి లేదు. ఆమె మూట నేను ఎత్తుకున్నాను.

ఇంటికి చేరిన సాయంత్రం ఆమె దీపం వేళకు ముందే వండింది. కొల్లేటి కొర్రమీను పులుసు, అన్నం. నాకు పీట వేసి, కంచంలో వడ్డించి, ఎదురుగా కూర్చుంది. ఇన్నేళ్ళ అలవాటున ఆమె చెయ్యి తలమీదికి కొంగు లాక్కోవడానికి లేచింది, ప్రార్థనకు లాక్కున్నట్టు. సగంలో ఆగింది. కొంగు భుజం మీదే వదిలేసి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. నేను రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాను. పెదాలు బిగబట్టాను. ఆమె నా పెదాల వైపే చూస్తోంది.

“తినండి. చల్లారిపోతంది,” అంది.

అన్నం కలిపాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆమె తన కంచంలో వడ్డించుకుంటూ, “ఉప్పు సరిపోయిందాండీ?” అని అడిగింది.

సరిపోయిందన్నాను.